వెబ్ డిజైన్ తొలి కోర్సు చెప్పబోతున్నారా? ఫోల్డర్ల దగ్గర మొదలుపెట్టండి

యూనివర్సిటీలో వెబ్ డిజైన్ మొదటి కోర్సు అప్పగించగానే మనలో చాలామంది చేసే మొదటి పని, సిలబస్‌లో ఇంకా ఏమేం చేర్చాలా అని ఆలోచించడం. నేనూ అదే చేశాను. హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏది ఏమిటో చెప్పేది), సీఎస్ఎస్ (అది ఎలా కనిపించాలో చెప్పేది), జావాస్క్రిప్ట్ (బటన్ నొక్కితే ఏం జరగాలో చెప్పేది), ఒక ఫ్రేమ్‌వర్క్ (ముందే రాసిపెట్టిన కోడ్ కట్ట), కాస్త ఫొటో ఎడిటింగ్, కాస్త సర్వర్ సంగతులు, అన్నీ కలిపి పదిహేను వారాల్లో కుక్కేశాను. సెమిస్టర్ చివర ఒకమ్మాయి ప్రాజెక్టు చూపించడానికి వచ్చింది. ఆమె లాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన బొమ్మ, సైటు నెట్‌లో పెట్టాక కనిపించడం లేదు. ఏం చేయాలో తోచక నా వైపు చూసింది. ఒక్క క్లాసు మానలేదు, ఒక్క అసైన్‌మెంట్ ఎగ్గొట్టలేదు, అయినా ఎక్కడ వెతకాలో తెలియలేదు. ఫైలు పేరులో మొదటి అక్షరం క్యాపిటల్, కోడ్‌లో రాసింది స్మాల్, అంతే తేడా.

తప్పు ఆ పిల్లది కాదు. ట్యాగులు (హెచ్‌టీఎంఎల్‌లో వాడే గుర్తులు) చెప్పాను గానీ, పేజీ చెడిపోతే ఎక్కణ్ణుంచి వెతుక్కుంటూ రావాలో నేను ఒక్కరోజూ చెప్పలేదు. అప్పటినుంచి కోర్సు మొత్తం ఒకటే లెక్క మీద నడుపుతున్నాను: పేజీ పాడైనప్పుడు ఎవర్నీ పిలవకుండా తప్పెక్కడుందో తనే పట్టుకోగలిగితే ఆ విద్యార్థికి కోర్సు వచ్చినట్టు. ఇక్కడ రాసేదంతా ఆ లెక్కకు పనికొచ్చిన పద్ధతులే.

మొదటి వారం: ఫైలు ఎక్కడుంది?

చరిత్రతో మొదలుపెట్టకండి. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బర్నర్స్-లీ 1989లో సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో కూర్చుని దాని ప్రతిపాదన రాసిన కథ చెప్పాల్సిందే, కానీ దానికి తర్వాత మంచి చోటు దొరుకుతుంది. మొదటి గంట ముగిసేలోపు క్లాసులో ప్రతి ఒక్కరూ తాము టైప్ చేసిన నాలుగు మాటలు బ్రౌజర్‌లో చూసుకోవాలి. ఒక ఎడిటర్, ఒక ఫోల్డర్, అందులో ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే ఒక ఫైలు, ఇంకేం వద్దు.

ఇంత చిన్న పనికే గంట పట్టేస్తుంది, ఎందుకంటే అసలు చిక్కు ఫోల్డర్ల దగ్గరే ఉంది. ఇప్పుడొస్తున్న పిల్లల్లో చాలామంది ఫోన్ చేతిలో పెట్టుకుని పెరిగారు. ఫోన్‌లో ఫొటో గ్యాలరీలో ఉంటుంది, పాట మ్యూజిక్ యాప్‌లో ఉంటుంది, ఏదైనా కావాలంటే వెతికితే దొరుకుతుంది, ఫలానా ఫైలు ఫలానా చోట ఉందని గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం వాళ్లకు ఎప్పుడూ రాలేదు. వాళ్లకు తెలివి తక్కువై కాదు, ఎవరూ చెప్పలేదు కాబట్టి రాదు. అందుకని మొదటి వారం సగం దీనికే ఇచ్చేయండి. ఎక్స్‌టెన్షన్లు (ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలు) కనిపించేలా సెట్టింగ్ మార్పించండి, లేకపోతే హెచ్‌టీఎంఎల్ అనుకుని సేవ్ చేసిన ఫైలు వెనకాల టీఎక్స్‌టీ అని ఇంకో తోక దాక్కుని ఉంటుంది. జిప్ ఫైలును విప్పకుండా లోపలికెళ్లి ఎడిట్ చేస్తే ఏమవుతుందో చేసి చూపించండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పని చేయొద్దని గట్టిగా చెప్పండి.

తర్వాత దారుల సంగతి. "బొమ్మ నా దాంట్లో వస్తోంది సార్, వీడి దాంట్లో రావట్లేదు" అని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. వెళ్లి చూస్తే కోడ్‌లో సీ డ్రైవ్ నుంచి మొదలుపెట్టి తన యూజర్ పేరుతో సహా దారంతా రాసి ఉంటుంది. అది వెంటనే సరిచేసేయకండి. ఆ స్క్రీన్ ప్రొజెక్టర్ మీదికి తెప్పించి, "ఈ దారి ఎవరి కంప్యూటర్‌లో ఉంది?" అని క్లాసును అడగండి. కాగితం మీద ఫోల్డర్ల చెట్టు గీయించండి. పెన్ను కొసను ఇప్పుడున్న ఫైలు మీద పెట్టమని, బొమ్మ దగ్గరికి వెళ్లడానికి ఏ ఫోల్డర్‌లోకి దిగాలో, ఎక్కడ ఒక మెట్టు పైకెక్కాలో పెన్నుతో నడిచి చూపించమనండి. రెండు చుక్కలు, ఒక స్లాష్ అంటే ఒక మెట్టు పైకి. ఇలా నాలుగైదు చెట్లు గీసిన పిల్లలు సెమిస్టర్ అంతా దారుల దగ్గర తడబడరు, స్లైడులో చూసి వదిలేసిన వాళ్లు పన్నెండో వారంలో కూడా అక్కడే ఇరుక్కుంటారు.

రెండో వారంలో పేజీని నెట్‌లో పెట్టించేయండి. గిట్‌హబ్ పేజెస్ (పేజీలు నెట్‌లో పెట్టుకునే చోటు) ఉచితం, లేదా యూనివర్సిటీ సర్వర్‌లో చోటుంటే అదైనా సరే. పేజీలో పేరు, రెండు పేరాలు, ఒక బొమ్మ తప్ప ఇంకేం లేకపోయినా పర్వాలేదు. తన ఫోన్‌లో తన పేజీ తెరిచిన రోజున పిల్లల మొహాలు చూడాలి మీరు. పైగా, నేను పైన చెప్పిన క్యాపిటల్ అక్షరం గొడవ ఆ రోజే బయటపడుతుంది. విండోస్ పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా చూడదు, లినక్స్ సర్వర్ చూస్తుంది. కాబట్టి ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే, ఖాళీలు లేకుండా, మాటల మధ్య హైఫన్ పెట్టి రాయాలన్న నియమం ఆ రోజు పెట్టండి. ఎందుకో కళ్లారా చూశారు కాబట్టి దాన్ని పాటిస్తారు.

మూడు వారాలు రంగుల్లేకుండా

ఇది వినగానే పిల్లలు నీరుగారిపోతారు, మీరు మెత్తబడకండి. సీఎస్ఎస్ ముట్టుకోకుండా మూడు వారాలు హెచ్‌టీఎంఎల్ ఒక్కటే చేయించండి. రంగులు ముందే ఇస్తే హెడింగ్ ట్యాగును అక్షరాలు పెద్దగా రావడానికి వాడతారు, ఖాళీ కోసం, లైను మార్చే బీఆర్ ట్యాగులు వరసగా ఆరు కొడతారు, ఆ అలవాటు తర్వాత వదిలించడం చాలా కష్టం.

నేను చేసేదేమిటంటే, ఫార్మాటింగ్ ఏమీ లేని రెండు పేజీల వ్యాసం ఒకటి ప్రింట్ తీసి పంచుతాను. పెన్నుతో దాని మీద గీయాలి: ఏది ప్రధాన శీర్షిక, ఏది దాని కింద ఉపశీర్షిక, ఏది జాబితా, ఆ జాబితాలో వరస ముఖ్యమా కాదా, ఏది నిజంగా పట్టిక. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి కాగితాలు ఒకేలా ఉండవు. అక్కడ మొదలయ్యే వాదనే అసలు పాఠం. టైపింగ్ ఆ తర్వాత. పేజీలో ఏ భాగం ఏమిటో చెప్పే నావ్, మెయిన్, ఆర్టికల్, ఫుటర్ లాంటి ట్యాగులు అప్పుడు వాటంతటవే అర్థమవుతాయి, లేకపోతే అన్నిటికీ ఏ అర్థమూ చెప్పని డివ్ ట్యాగులే.

ఇదే దశలో స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్ల కోసం తెర మీద ఉన్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్) వినిపించండి. విండోస్‌కు ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, మ్యాక్‌లోనూ ఐఫోన్‌లోనూ వాయిస్‌ఓవర్ ముందే ఉంటుంది. ప్రొజెక్టర్ ఆపేసి, ఎవరో ఒకరి పేజీ (వాళ్లను అడిగి) లింకుల జాబితాగా చదివించండి. "ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి" అని వరసగా వినిపించినప్పుడు లింకు మాటలు ఎలా రాయాలో మీరు వేరే చెప్పక్కర్లేదు. ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) లేని బొమ్మ వస్తే దాని ఫైలు పేరు, అదీ కెమెరా ఇచ్చిన అంకెలతో సహా, చదివేసే సందర్భాలుంటాయి. యాక్సెసబిలిటీని (వైకల్యం ఉన్నవాళ్లూ పేజీని వాడగలిగేలా చేయడాన్ని) చివర్లో ఒక క్లాసుగా పెట్టే సిలబస్‌లు చాలా చూశాను. నా మటుకు అది మూడో వారంలోనే రావాలి, ఆ తర్వాత ప్రతి వారం ఉండాలి.

బర్నర్స్-లీ కథ చెప్పడానికి చోటు కూడా ఇదే. సెర్న్‌లో పెట్టిన తొలి వెబ్‌సైటు పేజీలు ఇప్పటికీ తెరుచుకుంటాయి, తెరిచి బ్రౌజర్ కిటికీని సన్నగా లాగి చూపించండి. రంగు లేదు, బొమ్మ లేదు, కానీ అక్షరాలు కిటికీకి తగ్గట్టు సర్దుకుంటాయి. వెబ్ పుట్టుకతోనే సాగే గుణంతో పుట్టింది, కొలతలు బిగించి దాన్ని విరిచేది మనమే అని అప్పుడు చెబితే, తర్వాత రెస్పాన్సివ్ డిజైన్ (తెర సైజుకు తగ్గట్టు పేజీ సర్దుకునేలా చేయడం) దగ్గరికి వచ్చినప్పుడు సగం పని అయిపోయినట్టే.

సీఎస్ఎస్ మొదలయ్యాక

మొదటి రోజు సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైటు చూపించండి. డేవ్ షే అనే డిజైనర్ దాన్ని 2003లో మొదలుపెట్టాడు. హెచ్‌టీఎంఎల్ ఒక్క అక్షరం మారదు, సీఎస్ఎస్ ఫైలు మారితే పేజీ మొత్తం వేరే మనిషైపోతుంది. మూడు వారాలు రంగుల్లేకుండా ఎందుకు కూర్చోబెట్టారో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

బాక్స్ మోడల్ (పేజీలో ప్రతిదాన్నీ ఒక పెట్టెగా లెక్కించే పద్ధతి) దగ్గర తొందరపడకండి. బోర్డు మీద లెక్క వేయండి: వెడల్పు 300 పిక్సెళ్లు, ప్యాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) రెండు వైపులా 20, బోర్డర్ రెండు వైపులా 5, మొత్తం ఎంత చోటు ఆక్రమిస్తుంది? చాలామంది 300 అంటారు. 350. బాక్స్-సైజింగ్‌ను బోర్డర్-బాక్స్ చేస్తే, అంటే ప్యాడింగ్, బోర్డర్ కూడా వెడల్పులోనే కలిపి లెక్కించమంటే, మళ్లీ 300. ఈ లెక్క చేత్తో వేసిన తర్వాత డెవ్‌టూల్స్‌లో (పేజీని లోపలికెళ్లి చూడటానికి బ్రౌజర్‌లోనే ఉండే పనిముట్లు) అదే పెట్టెను చూపించండి. ఇంకో చిట్కా, పేజీలో ప్రతి ఎలిమెంట్‌కూ ఎర్ర అవుట్‌లైన్ పెట్టించండి. బోర్డర్ పెడితే అది చోటు తినేసి లేఅవుట్ కదిలిపోతుంది, అవుట్‌లైన్ చోటు తీసుకోదు. ఖాళీ ఎక్కణ్ణుంచి వస్తోందో, ఏ పెట్టె పొంగి బయటికి కారుతోందో వెంటనే కనిపిస్తుంది.

రెండు రూల్స్ ఒకే పేరాకు రంగు చెబితే ఏది గెలుస్తుందో ముందు ఊహించమనండి. నీలం అనేవాళ్లు చేతులెత్తండి, ఎరుపు అనేవాళ్లు ఎత్తండి, ఆ తర్వాతే రిఫ్రెష్. ఊహించి తప్పినవాళ్లకు ఆ పాఠం గుర్తుండిపోతుంది. ఓడిపోయిన రూల్ డెవ్‌టూల్స్‌లో కొట్టివేతతో కనిపిస్తుందని అక్కడే చూపించండి, లేకపోతే రూల్‌ను బలవంతంగా గెలిపించే ఇంపార్టెంట్ అనే మాట ఎక్కడపడితే అక్కడ తగిలించడం మొదలుపెడతారు.

లేఅవుట్‌కు ముందు ఫ్లెక్స్‌బాక్స్ (పెట్టెలను ఒక వరసలో సర్దేది), తర్వాత గ్రిడ్ (అడ్డంగా, నిలువుగా రెండు వైపులా సర్దేది). గ్రిడ్ 2017లోనే ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చేసింది, కాబట్టి పాత నోట్సులో ఉన్న, ఫ్లోట్ అనే పాత పద్ధతితో చేసిన లేఅవుట్లు ధైర్యంగా తీసేయండి. ఫ్లెక్స్‌బాక్స్ ఫ్రాగీ అనే ఆటలో 24 మెట్లుంటాయి, ఒక ల్యాబ్‌కు సరిగ్గా సరిపోతుంది. రెస్పాన్సివ్ డిజైన్ అన్న మాట ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ 2010లో రాసిన వ్యాసంతో వచ్చింది. అందులోని మూడు ముక్కలు, సాగే గ్రిడ్, సాగే బొమ్మలు, మీడియా క్వెరీలు (తెర వెడల్పును బట్టి మారే రూల్స్), ఇప్పటికీ పాఠానికి మంచి వరసే. వ్యూపోర్ట్ మెటా ట్యాగు (పేజీని ఫోన్ తెర వెడల్పుకు సర్దమని బ్రౌజర్‌కు చెప్పేది) మర్చిపోతే ఫోన్‌లో పేజీ అంతా కుంచించుకుపోయి కనిపిస్తుంది, ఇది కూడా ఒకసారి కావాలని తీసేసి చూపించండి.

తప్పుల వేట

ఈ కోర్సులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ కొత్తవాళ్లకు కష్టంగా ఉండటానికి ఒక కారణం ఉంది. మిగతా ప్రోగ్రామింగ్ భాషల్లో తప్పు రాస్తే ఎర్ర అక్షరాలతో ఏదో ఒకటి అంటుంది. ఇక్కడ పేజీ నోరు మెదపదు. ట్యాగు మూయకపోతే బ్రౌజర్ తనకు తోచినట్టు సర్దుకుంటుంది, సీఎస్ఎస్‌లో అర్థంకాని లైను వస్తే దాటేసి వెళ్లిపోతుంది. పిల్లవాడికి కనిపించేది ఒకటే, "రావట్లేదు". ఆ నిశ్శబ్దంలో ఎలా వెతకాలో నేర్పాలి.

ప్రతి వారం ఒక చెడిన పేజీ ఇవ్వండి, అందులో ఐదు తప్పులు, పదిహేను నిమిషాలు. కొటేషన్ మూయకపోవడం, దానివల్ల కింద సగం పేజీ మాయమవడం. క్లాస్ పేరు ముందు చుక్క లేకపోవడం. సెమికోలన్ మర్చిపోతే ఆ లైనుతోపాటు దాని కింది లైను కూడా పోవడం. లింక్ ట్యాగులో సీఎస్ఎస్ ఫైలు పేరు స్పెల్లింగ్ తేడా. ఇవన్నీ మీరు కల్పించక్కర్లేదు, ల్యాబులో పిల్లలు చేసేవే రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాదికి వేట సిద్ధం. ఎవరి తప్పో మాత్రం క్లాసులో చెప్పకండి.

వెతకడానికి ఒక వరస ఇవ్వండి, గోడ మీద అంటించినా సరే. ముందు, ఫైలు సేవ్ అయిందా? రెండు, ఎడిట్ చేస్తున్న ఫైలూ బ్రౌజర్‌లో తెరిచిన ఫైలూ ఒకటేనా? (నవ్వకండి, ఒకే పేరుతో రెండు కాపీలు ఉండటం చాలా మామూలు.) మూడు, సీఎస్ఎస్ అసలు లోడ్ అవుతోందా? బాడీకి ముదురు పసుపు బ్యాక్‌గ్రౌండ్ పెట్టి చూడు, రాకపోతే దారి తప్పింది, డెవ్‌టూల్స్ నెట్‌వర్క్ ట్యాబులో 404 (ఫైలు దొరకలేదన్న గుర్తు) ఉందేమో చూడు. నాలుగు, ఇన్‌స్పెక్ట్ కొట్టి ఆ ఎలిమెంట్ మీద నిలబడితే నీ రూల్ అక్కడ కనిపిస్తోందా? కనిపించకపోతే సెలెక్టర్ (రూల్ దేనికి వర్తించాలో చెప్పే ముక్క) తప్పు. ఐదు, కనిపిస్తూ కొట్టివేసి ఉందా? అయితే ఇంకో రూల్ గెలిచింది. ఇవన్నీ సరిగ్గానే ఉంటే అప్పుడు డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ) వాళ్ల వాలిడేటర్, అంటే కోడ్‌లో తప్పులు చూపించే టూల్. నా అనుభవంలో ఐదో మెట్టు దాటి వచ్చే సమస్యలు చాలా తక్కువ.

ల్యాబులో పిల్లల మౌస్ పట్టుకోవద్దు. ఇది చెప్పినంత సులువు కాదు, వెనక నలుగురు చేతులెత్తి ఉంటారు, మీకు తప్పు కనిపిస్తూనే ఉంటుంది, చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి: నువ్వు ఏం రావాలనుకున్నావు, ఏం వచ్చింది, పాడవకముందు చివరగా ఏ లైను మార్చావు? మూడో ప్రశ్నకు జవాబు చెబుతూ చెబుతూ "ఆ, దొరికింది సార్" అనేవాళ్లు చాలామంది.

మీరు పాఠం చెప్పేటప్పుడు కూడా స్లైడుల్లో తయారు కోడ్ చూపించకుండా వాళ్ల ముందే టైప్ చేయండి. నెమ్మదిగా, ప్రతి అక్షరం పైకి చదువుతూ. మీకూ తప్పులు పడతాయి, పడనివ్వండి. తప్పు పడ్డాక మీరు కంగారు పడకుండా పైనున్న వరస ప్రకారం వెతకడం వాళ్లు చూడాలి. టీచరుకే రాలేదంటే నాకు రాకపోవడం తప్పేం కాదన్న ధైర్యం వస్తుంది, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

డిజైన్ సంగతి

కోర్సు పేరులో డిజైన్ ఉంది కాబట్టి కోడ్‌తో సరిపెట్టకూడదు, అలాగని రంగుల సిద్ధాంతం మీద రెండు వారాలు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. కొలిచి చూపించగలిగేవి కొన్ని గట్టిగా పట్టుకోండి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్ యాక్సెసబిలిటీ మార్గదర్శకాలు) ఏఏ స్థాయి చెబుతుంది. లేత బూడిద రంగు మోజున్న పిల్లలకు ఈ అంకె చూపిస్తే వాదన ఉండదు. లైను మరీ పొడవైతే కన్ను తర్వాతి లైను మొదలు పట్టుకోలేదు, గరిష్ఠ వెడల్పు పెట్టించండి. తెలుగులో పేజీ రాసేవాళ్లుంటే లైన్-హైట్ ఇంకాస్త పెంచమనండి, పైన గుడులు, కింద ఒత్తులు ఒకదానికొకటి తగులుతాయి. యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్) అని మెటా ట్యాగులో చెప్పకపోతే అక్షరాలు పిచ్చి గుర్తులుగా మారే ప్రమాదం ఉంది.

ఫొటోల దగ్గర ఒకసారి ఆగాలి. 12 మెగాపిక్సెల్ ఫోన్ అడ్డంగా తీసిన ఫొటో వెడల్పు దాదాపు 4000 పిక్సెళ్లు. పేజీలో అది కనిపించేది 400 పిక్సెళ్ల పెట్టెలో. డెవ్‌టూల్స్‌లో నెట్ వేగం తగ్గించి ఆ పేజీ తెరిపించండి, ఫొటో పైనుంచి కిందికి పాకుతూ వస్తుంటే పిల్లలే సైజు తగ్గించే పనిలో పడతారు.

ఒకరి పని ఒకరు చూసి చెప్పుకునే క్లాసు నెలకొకటి పెట్టండి. "బాగుంది", "బాలేదు" రెండు మాటలూ నిషేధం. "నాకు ముందు ఇది కనిపించింది, తర్వాత ఇది, ఫోన్ నంబరు మాత్రం దొరకలేదు" అని చెప్పాలి.

మార్కులు, ఏఐ, చివరి ప్రాజెక్టు

కాగితం మీద కోడ్ రాయించే పరీక్ష వద్దు. కుదిరితే మానేయండి, యూనివర్సిటీ నియమం అయితే అందులో చెడిన కోడ్ ఇచ్చి తప్పు చూపించమనండి.

ఏఐ టూల్స్ పేజీ మొత్తం నిమిషంలో రాసిస్తాయి, ఇంట్లో చేసిన పనిలో ఎవరిది ఎంత అని కనిపెట్టే ప్రయత్నంలో మీ సమయం, పిల్లల నమ్మకం రెండూ పోతాయి. నేను ప్రతి అసైన్‌మెంట్‌కూ ఐదు నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఒక లైను చూపించి, ఇది తీసేస్తే ఏమవుతుంది అని అడుగుతాను, తర్వాత ఒక చిన్న మార్పు నా ముందు చేయమంటాను, ఈ మెనూ కుడివైపుకు జరుపు, ఈ మూడు కార్డులు ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి రావాలి, ఇలాంటివి. కోడ్ ఎక్కణ్ణుంచి వచ్చినా సరే, అది అర్థమైనవాళ్లు చేస్తారు. సగం మార్కులు ఈ ఐదు నిమిషాలకే. అరవై మంది క్లాసు అయితే ఇది ఐదు గంటల పని, ల్యాబు వేళల్లోనే సర్దుకోవాలి, అయినా చేయండి.

జావాస్క్రిప్ట్ చివరి రెండు మూడు వారాలే. మెనూ తెరిచి మూసే బటన్, ఫారమ్‌లో ఖాళీ పెట్టె ఉంటే చెప్పడం, అక్కడితో చాలు. బూట్‌స్ట్రాప్ లాంటి రెడీమేడ్ ఫ్రేమ్‌వర్కులు ఈ కోర్సులో వద్దని నా అభిప్రాయం, వాటి వెనక ఉన్నది సీఎస్ఎస్సేనని తెలిసినవాళ్లు తర్వాత ఒక్క వారంలోనే నేర్చుకుంటారు. ముందే అన్నీ వచ్చినవాళ్లు క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లకు ఎక్కువ ఫీచర్లు ఇవ్వడం కంటే అదే పేజీని మౌస్ లేకుండా ట్యాబ్ కీతో పూర్తిగా నడిచేలా చేయమనండి, వాళ్లకూ కొత్తగానే ఉంటుంది.

చివరి ప్రాజెక్టు తన గురించి కాకుండా ఇంకొకరి అవసరం కోసం చేయించండి: ఒక క్లబ్బు, ఒక చిన్న సంస్థ, పాఠాలు చెప్పే ఒక టీచరు. సమాచారం ఎనిమిదో వారంలోపు చేతికి రావాలి, రాకపోతే వేరేది వెతుక్కోవాలి. ఉత్తుత్తి లాటిన్ అక్షరాలతో నింపిన లేఅవుట్, అసలు సమాచారం వచ్చాక నిలబడదు: పేరు రెండు లైన్లకు పాకుతుంది, ఫొటో నిలువుగా ఉంటుంది, ఒక సెక్షన్‌లో పేరా ఉంటే ఇంకోదాంట్లో ఒకే వాక్యం ఉంటుంది. ఫొటోలు ఎవరివో, వాడుకునే హక్కు ఉందో లేదో కూడా అప్పుడే అడగండి.

ఆఖరి ల్యాబులో కొత్తదేమీ చెప్పకుండా, రెండో వారంలో నెట్‌లో పెట్టిన ఆ మొదటి పేజీని ఎవరిది వాళ్లను తెరవమనండి, దాంట్లో తప్పులు వాళ్లే వెతికి బాగుచేసి మళ్లీ పెట్టాలి. ఆ గంట నేను వెనక బెంచీలో కూర్చుంటాను. ఎవరైనా చెయ్యెత్తితే గోడ మీది కాగితం చూపిస్తాను.